డబ్బా ఒకరికి, డిస్కు ఒకరికి

పోయినవారం మనం పెద్దకోడల్ని కొత్త కంప్యూటర్ ముందు నిలబెట్టి వచ్చేశాం. తెరంతా నీలం రంగు, అందులో తెల్లటి అక్షరాలు, ఏదో నంబరు కొట్టమని ఒకటే అడగడం. ఆమె దగ్గర ఆ నంబరు లేదు. అలాంటి నంబరొకటి ఉంటుందన్న సంగతే ఆమెకి తెలియదు. అంత గట్టి మనిషి ఒక నీలం తెరని చూసి ఎందుకు బెంబేలెత్తిపోయిందో తెలియాలంటే వెనకటి సంగతి నాలుగు ముక్కల్లో చెప్పుకోక తప్పదు.

వాళ్ళది బూట్ల దుకాణం. అద్దాల పెట్టెల్లో వరసగా పేర్చి అమ్మే రకం కాదు. బజార్లో దొరికే ఏ జోడూ పట్టని కాళ్ళు అక్కడికి వస్తాయి. ఒక కాలు పొట్టివాళ్ళు, పాదం లోపలికి తిరిగినవాళ్ళు, వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు. మామగారు బతికున్నంతకాలం కర్ర అచ్చులు చేత్తో చెక్కి, వాటి మీద తోలు బిగించి కుట్టేవాడు. ఆయన కొడుకులిద్దరికీ తోలు వాసనే గిట్టదు. ఒకడు బ్యాంకులో చేరాడు, ఒకడు బడిలో చేరాడు. పనిని అందుకున్నది కోడళ్ళు.

పెద్దకోడలు కొలిచేది. కాలి బొమ్మని యంత్రంతో తీసి కంప్యూటర్లోకి ఎక్కించేది. చిన్నకోడలు వినేది. వినడమేమిటంటారా? కొత్త బూట్లు తొడిగించి మనిషిని చెక్కబల్ల మీద అటూ ఇటూ నడిపించి, తను ముక్కాలిపీట మీద కూర్చుని, కళ్ళు మూసుకుని అడుగుల చప్పుడు వినేది. బరువు ఎక్కడ ఎక్కువ పడుతోందో, ఏ వేలు భయపడుతోందో ఆమెకి చప్పుడులో తెలిసిపోయేది. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని ఆ కాలి బొమ్మని వెంట్రుకవాసి అటో ఇటో దిద్దేది. కాలు ఎప్పుడైనా మళ్ళీ కొలుచుకోవచ్చు. ఆ దిద్దుబాట్లు మాత్రం ఏళ్ళ తరబడి, ఒక్కొక్క నొప్పినీ అడిగి తెలుసుకుని చేసినవి. అవన్నీ ఉన్నది ఆ కంప్యూటర్లోనే.

ఇలా నడుస్తుండగా కండక్టరమ్మ మడమకి పుండు పడింది. కండక్టరమ్మ టిక్కెట్లు కోస్తూ కోస్తూ బస్సులోనే తల నెరిపించుకున్న మనిషి. ఎడమకాలు పొట్టి. కొత్తగా దిద్ది ఇచ్చిన జోడు తొడిగిన వారానికే ఆ పుండు. అది చూసి పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది. దుకాణంలో నలుగురు కస్టమర్లు ఉండగానే, "ఇది కళ్ళతో చూసి చేసే పని, చెవులతో కాదు. వినడం మాని కొలవడం నేర్చుకో," అనేసింది. చిన్నకోడలు ముక్కాలిపీట మీంచి లేచి, ఒళ్ళోని తోలు ముక్కలు దులుపుకుని వెళ్ళిపోయింది. మర్నాడు వేరుపడతానంది.

పంపకం అత్తగారు చేసింది. కుట్టుమిషను చిన్నదానికి, అచ్చులు చెక్కే యంత్రం పెద్దదానికి. ముక్కాలిపీట చిన్నదానికి, చెక్కబల్ల పెద్దదానికి. దుకాణం ఫోను పెద్దదానికి. చివరికి కంప్యూటర్ దగ్గర పేచీ వచ్చింది. నాకంటే నాకని ఇద్దరూ పట్టు పట్టారు. అత్తగారు ఆవులించి, "డబ్బా చిన్నదానికి, లోపలున్న సరుకు పెద్దదానికి. ఇక లేవండి," అంది. కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని పిలిచి డిస్కు ఊడదీయించారు. అరచేతిలో ఇమిడే ఆ పలక పెద్దకోడలి చేతికొచ్చింది. ఖాళీ డబ్బా చిన్నకోడలి చంకనెక్కి రెండు వీధుల అవతలికి పోయింది.

ఇప్పుడు పెద్దకోడలు కొత్త డబ్బా కొంది. పాత డిస్కు అందులో పెట్టిస్తే సరి, ఎక్కడి పని అక్కడే మొదలవుతుందనుకుంది. ఇల్లు మారినా కాపురం అదే కదా అనుకునేవాళ్ళందరిలాగే అనుకుంది.

"అయిదు నిమిషాలమ్మా," అన్నాడు మరలు తిప్పుతూ కంప్యూటర్లాయన. ఏ పనికైనా ఆయన చెప్పే గడువు అదే గనక వీధంతా ఆయన్ని అయిదునిమిషాలాయన అనే పిలుస్తుంది. పొద్దున మొదలైన ఆ అయిదు నిమిషాలు భోజనాల వేళ దాటినా పూర్తికాలేదు. మొదట కొత్త డబ్బాకి పాత డిస్కు కనిపించనే లేదు. లోపల ఏవో అమరికలు మార్చాక కనిపించింది. కనిపించాక ఈ నీలం తెర వచ్చి కూర్చుంది.

"ఏం కావాలట దీనికి?" అంది పెద్దకోడలు.

"తాళం నంబరు కావాలటమ్మా. పాత డబ్బా లోపల బోర్డు మీద చిన్న చిప్పు ఉంటుంది. ఈ డిస్కు తన తాళంచెవి దాని దగ్గర దాచుకుంది. ఇన్నాళ్ళూ రెండూ ఒకే డబ్బాలో ఉన్నాయి గనక తాళం ఉందనే మనకి తెలీలేదు. ఇప్పుడు పరాయి ఇంటికొచ్చిందిగా, నువ్వెవరు అంటోంది."

"తాళం ఎవరేశారు?"

"ఎవరైనా వేసుండొచ్చు. దానంతట అదే పడినా పడుండొచ్చు."

ఆ రెండు మాటల్లో పెద్దకోడలి చెవికెక్కినది మొదటిదే. "ఎవరో ఎందుకేస్తారు? పోతూ పోతూ తనే వేసిపోయింది. నోరు విప్పని వాళ్ళతోనే భయం అని మా అమ్మ ఊరికే అనేది కాదు."

"అబ్బే, అలా కాదమ్మా..."

"పాత డబ్బాలో పెడితే తెరుచుకుంటుందా లేదా? అది చెప్పండి."

అయిదునిమిషాలాయన గొంతు సవరించుకున్నాడు. "పెడితే తెరుచుకోవాల్సిందే గానీ, ఆ డబ్బా ఇప్పుడు చిన్నమ్మగారి దగ్గర..."

"ఆవిడ మాట నా దగ్గర ఎత్తొద్దని మీకు ముందే చెప్పానా?"

"చెప్పారమ్మా."

"మరి?"

ఆయన నోరు మూసుకుని మరలన్నీ పొట్లం కట్టుకున్నాడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అన్నీ ఆయన నెత్తినే పడుతున్నాయి గానీ, పాపం ఆయన చెప్పబోయిన మాట ఒకటి గొంతులోనే ఉండిపోయింది. దాని సంగతి ఇంకాసేపట్లో తెలుస్తుంది.

పెద్దకోడలికి అంత తొందర ఉండడానికి కారణం ఉంది. ఆ పొద్దునే కండక్టరమ్మ ఫోన్ చేసింది. పుండు మానిందట. సోమవారం నుంచి డ్యూటీకి రమ్మన్నారట. బూట్లు లేకుండా కుంటుకుంటూ వెళితే డిపోలో చూసి ఆఫీసులో కూర్చునే పని ఇస్తారట. "కూర్చోబెడితే నేను బతకను తల్లీ. బస్సు కదిలితేనే నాకు ఊపిరాడుతుంది," అంది. కిందటేడు చేసిచ్చిన జోడు ఆమె కాలికి చక్కగా కుదిరింది. అరిగిపోయేదాకా వాడింది. చెడింది ఆ తర్వాత దిద్దిన జోడే. ఆ కిందటేటి బొమ్మతో మళ్ళీ ఒక జోడు చేసిస్తే చాలు, కండక్టరమ్మ బస్సెక్కుతుంది. ఆ బొమ్మ ఈ తాళం వెనక ఉంది. దాంతోపాటు, ఒంటి చేత్తో దుకాణం నడిపి చూపిస్తానన్న పెద్దకోడలి పంతం కూడా ఉంది.

డిస్కుని చేతిరుమాల్లో చుట్టి, దుకాణం ఫోనుతో పాటు సంచిలో వేసుకుని బయల్దేరింది. గుమ్మంలో అత్తగారు చొక్కాకి బొత్తాం కుడుతోంది.

"ఎక్కడికమ్మా?"

"మీ చిన్నకోడలి దగ్గరికి. తాళం వేసిన సరుకు నా చేతిలో పెట్టి సాగనంపింది కదా, ఆ ముచ్చట తీర్చుకొద్దామని."

"సూది మీద చెయ్యి ఉంది, నవ్వించకు," అంది అత్తగారు. "వెళ్ళు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అక్కడ మాత్రం అది గుర్తుపెట్టుకో."

చిన్నకోడలు అద్దెకు తీసుకున్న గది ఒక ఇస్త్రీ దుకాణం మీద ఉంది. మెట్లెక్కుతుంటే కింద నుంచి వేడి ఆవిరి కాళ్ళకి తగులుతోంది. తలుపు తీసే ఉంది. ఒక పక్క కుట్టుమిషను, ఒక పక్క ముక్కాలిపీట, కిటికీ కింద పాత డబ్బా. గోడకి కొట్టిన కొత్త అరల్లో ఒక్క జోడు మాత్రమే ఉంది. అదీ కుట్లు వేయడానికి ఎవరో ఇచ్చిన బడిపిల్లల జోడు. నేలంతా నున్నటి పలకలు. అడుగేస్తే చప్పుడు రాని నేల. అది చూడగానే పెద్దకోడలికి లోపలెక్కడో చివుక్కుమంది. వినే మనిషి వినపడని గదిలో కూర్చుంది అనుకుంది. అనుకున్నా, తెచ్చుకున్న కోపం దారిలో పారేసుకోవడం ఆమెకి అలవాటు లేదు.

"రండి అక్కా, కూర్చోండి," అంది చిన్నకోడలు.

ఇన్నేళ్ళలో ఏనాడూ 'రా అక్కా' తప్ప ఇంకోమాట అనని మనిషి. ఆ మర్యాద పెద్దకోడలికి తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

"కూర్చోడానికి రాలేదు. డిస్కుకి తాళం వేసి ఎందుకిచ్చావు?"

"ఏ తాళం?"

"ఏ తాళమా? నంబరు కొట్టమంటోంది. తెరుచుకోవట్లేదు. నీ పని నీతోనే పోవాలని వేశావు. ఆ మాట అప్పుడే అంటే పోయేదిగా."

చిన్నకోడలు ఆమెని కాసేపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అబద్ధమూ లేదు. నిజంగానే అర్థంకాక చూస్తోంది. పెద్దకోడలు మనుషుల్ని కొలవడంలో కూడా ఘటికురాలే. చూసీ చూడగానే తన కొలత తప్పిందని ఆమెకి తెలిసిపోయింది. ఒప్పుకోవడానికి మాత్రం నోరు రాలేదు.

"తాళం వెయ్యడం నాకు రాదు," అంది చిన్నకోడలు. "వచ్చినా కండక్టరమ్మ కాలికి వెయ్యను. ఇలా ఇవ్వండి. ఇది పుట్టిపెరిగిన డబ్బా ఇక్కడే ఉందిగా, పెట్టి చూద్దాం."

ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. చిన్నకోడలు మరలు విప్పింది. ఊరికే కూర్చుంటే మాట్లాడుకోవాల్సి వచ్చేది గనక పెద్దకోడలు ఆ మరల్ని అడక్కుండానే చేయి చాచి పట్టుకుంది. డబ్బాలో చిన్నకోడలు పెట్టించుకున్న కొత్త డిస్కుని తీసి, పాతదాన్ని దాని పాత చోటులో పెట్టింది. అది చటుక్కున అమిరింది. పెద్దకోడలు అనుకోకుండానే హమ్మయ్య అంది.

మీట నొక్కారు. ఫ్యాను తిరిగింది. తెర వెలిగింది.

నీలం రంగు. నంబరు కొట్టమంది.

"సొంత ఇంటిని కూడా గుర్తుపట్టట్లేదేమిటిది?" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు నొసలు ముడిచింది. "కొత్త డిస్కు పెట్టిన రోజున ఇది ఏదో అడిగింది. పాత తాళాలన్నీ చెరిపెయ్యమంటావా అని. ఇక్కడ పాతవి ఏమున్నాయిలే, చెరిపెయ్యండి అన్నాను."

"ఎవరితో అన్నావు?"

"ఇంకెవరితో? ఆయనతోనే."

"ఏ ఆయన?"

"అయిదునిమిషాలాయన."

పెద్దకోడలు సంచిలోంచి ఫోను తీసి ఆయనకి కలిపింది. మాట ఇద్దరికీ వినపడేలా నేల మీద పెట్టింది.

"అయిదు నిమిషాల్లో వచ్చేస్తున్నానమ్మా," అన్నాడాయన, ఏం అడగకుండానే.

"రావద్దు. ఈ డబ్బాలో తాళాలు చెరిపేసింది మీరేనా?"

ఆయన గొంతు తగ్గించాడు. "నేనేనమ్మా."

"మరి ఇందాక నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పబోయాను. మీరేమో చిన్నమ్మగారి మాట ఎత్తొద్దన్నారు. ఆ రోజు చిన్నమ్మగారికి చెబుదామంటే, ఆవిడ మీ మాట ఎత్తొద్దన్నారు. ఒకరి డబ్బాకి ఇంకొకరి డిస్కుతో చుట్టరికం ఉందని చెప్పాలంటే ఇద్దరి మాటా ఎత్తాలి కదమ్మా. ఎవరి మాటా ఎత్తకుండా నేనెలా చెప్పేది?"

తోడికోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే నవ్వొస్తుందని ఇద్దరికీ భయమే. చిన్నకోడలు పెదవి కొరుక్కుని కిటికీ వైపు తిరిగింది. పెద్దకోడలు చేతిలో మరలు లెక్కపెట్టుకుంది.

"ఇప్పుడేం దారి?" అని అడిగింది చివరికి.

"దారి ఉందమ్మా. మొట్టమొదట ఆ కంప్యూటర్లోకి ఎవరి పేరుతో వెళ్ళారో వాళ్ళ ఖాతాలో ఇంకో తాళంచెవి దాచి ఉంటుంది. కంపెనీవాళ్ళే దాస్తారు. ఆ పేరు చిన్నమ్మగారిది. ఆవిడ ఫోన్లోంచి ఖాతా తెరిస్తే నంబరు కనిపిస్తుంది. ఇప్పుడు మాట ఎత్తినట్టేనా నేను?"

"ఎత్తినట్టే. ఫోన్ పెట్టేయండి."

చిన్నకోడలు తన ఫోన్ తీసి కాసేపు కుస్తీ పట్టింది. రహస్య పదం గుర్తుంది. కానీ ఖాతా అంతటితో ఊరుకోలేదు. "మీ నంబరుకి ఒక కోడ్ పంపించాం, అది చెప్పండి అంటోంది. నా ఫోనుకేమీ రాలేదే."

అదే క్షణంలో నేల మీద దుకాణం ఫోను టింగుమంది.

కంప్యూటర్ కొన్నరోజున చిన్నకోడలు తన పేరిచ్చి దుకాణం నంబరు ఇచ్చిందన్నమాట. అప్పట్లో అది వింతగా అనిపించలేదు. తన పేరు వేరు, దుకాణం వేరు అనే ఆలోచనే ఆ రోజుల్లో ఆమెకి లేదు.

పెద్దకోడలు ఫోను చేతిలోకి తీసుకుంది. చదవబోయి ఆగింది. చదివేస్తే పని అయిపోతుంది, ఆ తర్వాత లేచి వెళ్ళిపోవాలి. ఆ సంగతి తట్టి ఆమెకి కాస్త దిగులేసింది.

"చదవండి," అంది చిన్నకోడలు.

"నన్ను మీరు అనకు."

"నలుగురిలో నన్ను అన్నప్పుడు మీకు ఏమీ అనిపించలేదుగా?"

చాలా నెమ్మదిగా అంది. గొంతు కూడా పెంచలేదు. కింద ఇస్త్రీపెట్టె బల్ల మీద దబ్ మని పడిన చప్పుడు మెట్ల మీదుగా పైదాకా వచ్చింది.

"అనిపించింది," అంది పెద్దకోడలు. "అన్న మరుక్షణమే అనిపించింది. అప్పటికే నువ్వు లేచి వెళ్ళిపోయావు."

"తర్వాతైనా రావచ్చు. ఈ మెట్లే కదా, కొండ కాదు."

"రావాల్సింది. పుండు చూసి భయమేసింది చెల్లీ. మామయ్యగారి చేతుల్లో ఒక్క కాలికీ పుండు పడలేదు. మన చేతుల్లోకి వచ్చాక పడింది. ఆ భయం ఎవరి మీదో ఒకరి మీద పారేసి చేతులు కడుక్కోవాలనిపించింది. నువ్వు పక్కనే ఉన్నావు."

ఆ మాట చిన్నకోడలికి అందినట్టుంది, చేతిలో ఫోన్ కాస్త వదులైంది. తర్వాత మళ్ళీ బిగించుకుంది.

"నా దిద్దుబాటు తప్పో కాదో నాకూ తెలీదు," అంది. "రాత్రుళ్ళు ఆ చప్పుడు గుర్తు చేసుకుంటూనే ఉన్నాను. తప్పు దొరకట్లేదు. సరే, ఇప్పుడు మీకు కావాల్సింది నంబరు. కోడ్ చదవండి, ఇస్తాను. నాకోసం వచ్చినట్టయితే డిస్కు సంచిలో వేసుకుని వచ్చేవారు కాదు."

పెద్దకోడలు తలొంచుకుని కోడ్ చదివింది.

ఖాతా తెరుచుకుంది. నంబరు చిన్నా చితకా నంబరు కాదు, చేంతాడంత ఉంది. రాసుకోవడానికి కాయితం కోసం చూస్తే, చిన్నకోడలు కుట్టుమిషను మీంచి కాయితంతో కత్తిరించిన పాదం ముక్క ఒకటి తీసి పెన్సిలుతో పాటు ఇచ్చింది. ఆమె చదువుతుంటే ఈమె రాసుకుంది. ఆరేసి అంకెలు చదవడం, ఆగడం. ఈమె ఊఁ అనడం, ఆమె మళ్ళీ అందుకోవడం. ఏళ్ళ తరబడి ఒకరు కొలతలు చెబుతుంటే ఒకరు రాసుకున్న అలవాటు చేతుల్లో అలాగే ఉంది. మడమ దగ్గర మొదలైన అంకెలు బొటనవేలి దాకా వచ్చాయి. మళ్ళీ ఒకసారి ఈమె చదివితే ఆమె సరిచూసింది. ఒక్కటీ తప్పుపోలేదు.

"వస్తాను మరి," అంది పెద్దకోడలు గుమ్మంలో.

"మంచిది," అంది చిన్నకోడలు.

అంతే.

ఇంటికొచ్చేసరికి అత్తగారు ఇంకో చొక్కా పట్టుకుంది. పెద్దకోడలు ఆమె పక్కనే గడప మీద కూలబడింది.

"అత్తయ్యా, నిజం చెప్పండి. డబ్బా ఒకరికీ డిస్కు ఒకరికీ ఇస్తే ఎవరి పనీ సాగదని, మళ్ళీ ఒకరి గడప ఒకరు తొక్కాల్సొస్తుందని మీకు ముందే తెలుసా?"

అత్తగారు దారం పళ్ళతో కొరికింది. "అంత తెలివే ఉంటే మీ మామయ్యతో అన్నేళ్ళు ఎందుకు వేగుతాను? నిద్దరొచ్చి అన్నాను తల్లీ. పొద్దున్నించీ మీ గొడవతో కునుకు లేదు. లోపలున్నది అంత ముఖ్యమని నాకేం తెలుసు? దిండుకి గలేబులాగా డబ్బా వేరు, సరుకు వేరు అనుకున్నాను."

ఆ సాయంత్రం అయిదునిమిషాలాయన వచ్చి డిస్కుని మళ్ళీ కొత్త డబ్బాలో బిగించాడు. పెద్దకోడలు కాయితం పాదం ఒళ్ళో పెట్టుకుని, వేలితో వెంబడిస్తూ అంకెలు కొట్టింది. నీలం తెర మాయమైంది. కాసేపు తెర చీకటైపోయింది. తర్వాత, నిన్ననే ఆపి లేచినట్టు, పాత తెర ఎక్కడివక్కడ పెట్టుకుని ప్రత్యక్షమైంది. పాదాల బొమ్మలన్నీ ఉన్నాయి. కండక్టరమ్మ కిందటేటి ఎడమకాలు ఉంది. సంతోషం పట్టలేక పెద్దకోడలు అయిదునిమిషాలాయనకి రెండుసార్లు టీ ఇచ్చింది.

అచ్చు చెక్కే యంత్రం మర్నాడంతా గిర్రున తిరిగింది. తోలు బిగిసింది, కుట్టుమిషను లేదు గనక చేత్తోనే కుట్లు పడ్డాయి, కండక్టరమ్మ అరిగాక ఇచ్చేసిపోతే అటక మీద పడేసిన పాత జోడు పక్కన పెట్టి చూస్తే, ఆ అరుగుదల తప్ప కవలల్లా ఉన్నాయి. శనివారం మధ్యాహ్నం కండక్టరమ్మ వచ్చింది. డ్యూటీ చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వేసుకొచ్చింది.

పెద్దకోడలు బూట్లు తొడిగి, మడమ దగ్గర వేలు పెట్టి చూసింది. ముడత లేదు, ఒత్తిడి లేదు. కొలతలన్నీ కిందటేటి కొలతలే.

"నడవండి చూద్దాం."

కండక్టరమ్మ చెక్కబల్ల ఎక్కింది. ముక్కాలిపీట ఇప్పుడు లేదు గనక పెద్దకోడలు జిగురు డబ్బా బోర్లించి దాని మీద కూర్చుంది. ఎందుకో తనకే తెలీకుండా కళ్ళు మూసుకుంది. టక్, టక్, టక్, టక్. చెక్క మీద బూట్లు నడుస్తున్నాయి. అంతకు మించి ఆమెకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"బ్రహ్మాండంగా ఉన్నాయి తల్లీ," అంది కండక్టరమ్మ, ఇంకా అడగకముందే. "దిగిపోనా మరి?"

ఆ తొందరే పెద్దకోడల్ని ఆపింది. అన్నీ వచ్చేశాయి అనుకుంది తను. బొమ్మలు వచ్చాయి, దిద్దుబాట్లు వచ్చాయి, తెర మీద బొమ్మల వరస కూడా మారకుండా వచ్చింది. బల్ల ఉంది, బూట్లు ఉన్నాయి, నడిచే మనిషి ఉంది. వినే మనిషే లేదు. బాగున్నాయని చెప్పి పంపించేయడం ఎంతసేపు? సోమవారం బస్సెక్కి నిలబడేది ఈవిడ. మళ్ళీ పుండు పడితే ఈసారి ఎవరి మీదికి తోస్తుంది?

"ఒక్క నిమిషం ఆగండి," అని దుకాణం ఫోను తీసింది.

చిన్నకోడలు రెండో గంటకే ఎత్తింది. "నంబరు పనిచెయ్యలేదా?"

"పనిచేసింది. ఇప్పుడు నంబరు కోసం చెయ్యలేదు. నువ్వు కావాలి." పెద్దకోడలు బల్ల వైపు తిరిగింది. "కండక్టరమ్మ బల్ల మీద ఉంది. నాకు వినడం రాదు చెల్లీ. కాస్త విను."

జవాబు కోసం ఆగకుండా ఫోనుని చెక్కబల్ల అంచున పెట్టింది. కండక్టరమ్మని నడవమని సైగ చేసింది.

ఆమె నడిచింది. అటు వెళ్ళింది, ఇటు వచ్చింది. ఫోన్లోంచి ఏ మాటా రాలేదు. లైను తెగిపోయిందేమోనని పెద్దకోడలు వంగి చూసింది. తెగలేదు. అవతల గది కింది ఇస్త్రీపెట్టె చప్పుడు సన్నగా వినపడుతూనే ఉంది.

"ఇంకోసారి," అంది చిన్నకోడలు. కండక్టరమ్మ మళ్ళీ నడిచింది. ఈసారి కాస్త నెమ్మదిగా, కాస్త జాగ్రత్తగా.

"అక్కా, ఈ బూటు ఏ బొమ్మతో చేశారు?"

"కిందటేటి బొమ్మతో. నువ్వు కొత్తగా దిద్దకముందుది."

"అయితే ఇలా మోగకూడదు. కిందటేడు ఇదే బూటు ఇదే బల్ల మీద ఇలా మోగలేదు. నాకు బాగా గుర్తు. ఎడమకాలిలో ఏ తేడా లేదు. కుడికాలు వినండి... కుడికాలు విను. అది పూర్తిగా ఆనట్లేదు. బరువంతా తెచ్చి ఎడమ మడమ మీద పారేస్తోంది." చిన్నకోడలు గొంతు చాలా మెల్లగా ఉంది. "పుండు బూటు వల్ల పడలేదక్కా. నా దిద్దుబాటు వల్లా కాదు, నీ కొలత వల్లా కాదు. మనం ఎప్పుడూ కొలవని కాలికి ఏదో అయింది. మంచికాలికి."

పెద్దకోడలు తలెత్తి చూసింది. కండక్టరమ్మ బల్ల మధ్యలో ఆగిపోయింది. ఒక చెయ్యి గోడ మీద ఉంది. రెండోచెయ్యి, ఆవిడకే తెలియకుండా, కుడి మోకాలి మీదికి పోయింది. ఇస్త్రీ మడతలు నలగని ఆ చొక్కాలో ఆవిడ ఉన్నట్టుండి చిన్నదైపోయినట్టు కనిపించింది.

"నేనొస్తున్నా," అంది ఫోను. "ఆవిణ్ణి కూర్చోబెట్టు. ఇక ఒక్క అడుగు కూడా వెయ్యనివ్వకు."

అవతల మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించి, ఫోను ఆగిపోయింది. ఇన్ని రోజుల తర్వాత చెల్లెలు ఈ గడప తొక్కబోతోందని పెద్దకోడలికి గుండె నిండిపోయింది. కండక్టరమ్మని పట్టుకుని దించడానికి చెయ్యి అందించింది.

ఆవిడ ఆ చెయ్యి పట్టుకుంది గానీ దిగలేదు. గట్టిగా, నొప్పెట్టేలా పట్టుకుంది.

"ఆ పిల్లని రావద్దని చెప్పు తల్లీ," అంది. "నా కాలికి ఏమైందో ఆ పిల్ల చెవికి తెలిసిపోతుంది. తెలిసిందంటే సోమవారం నేను బస్సెక్కను. నువ్వు వినలేవనే కదా, నీ దగ్గరికి వచ్చాను."